ఎదుటి పక్షం నోట్ కూడా చదువుదాం

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా గజపతినగరంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ప్రతి ఏటా ఈ సభలో ఒక డాక్టరుగారిని పిలిచి షుగరు గురించో, మోకాళ్ల నొప్పుల గురించో చెప్పించుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "మీరే ఏదో ఒకటి మాట్లాడండి, పది నిమిషాలు దాటకండి" అన్నారు. పది నిమిషాలు దాటుతాయి. ముందే క్షమించమని కోరుతున్నాను. షుగరు జోలికి మాత్రం వెళ్లను.

నేను మాట్లాడదలచింది మన మధ్య వచ్చిన ఒక జబ్బు గురించే. అయిదారేళ్ల క్రితం వరకు పొద్దున్నే చంపావతి వైపు నడకకు వెళ్లేవాళ్లం పద్నాలుగు మంది ఒకే గుంపుగా వెళ్లేవాళ్లం. ఇప్పుడు రెండు గుంపులు. ఒక గుంపు అయిదున్నరకు బయలుదేరుతుంది, రెండోది ఆరుంబావుకు. ఎదురుపడితే తల ఊపుకుంటారు. అంతే. మన సంఘం వారి ఫోన్ గ్రూపును ఎన్నికల ముందు కార్యదర్శిగారు మూడుసార్లు మూసి, మూడుసార్లు తెరిచారు. ముప్పై ఏళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే క్యారియరు తిన్న ఇద్దరు పెద్దమనుషులు, ఎవరో పంపిన ఒక బొమ్మ మూలంగా, ఒకరి మనవరాలి పెళ్లికి ఒకరు వెళ్లలేదు. ఆ బొమ్మ వాళ్లిద్దరిలో ఎవరూ తయారు చేసింది కాదు. ఎవరు చేశారో వాళ్లకు తెలియదు.

రాజకీయాలు మానేద్దాం అని కొందరంటారు. నేను ఆ మాట అనను. ఓటు ఉన్నంతకాలం రాజకీయం ఉంటుంది. పైగా మనకు డి.ఏ. ఎప్పుడు వస్తుందన్నదే రాజకీయం. నేను చెప్పేది వేరు. మనకు ఎదురు అభిప్రాయం ఉన్నవాళ్లలో బుద్ధిగా, నిజాయితీగా రాసేవాళ్లు ఉంటారు. వాళ్లను వెతికి పట్టుకుని చదవాలి. మనకు అలవాటైంది ఏమిటంటే, అవతలి పక్షంలో అందరికన్నా తెలివితక్కువగా మాట్లాడిన వాడిని పట్టుకుని, "చూశారా, వీళ్లంతా ఇంతే" అని పదిమందికి పంపడం. అవతలివాళ్లూ మన పక్షంలో అలాంటివాడినే పట్టుకుంటారు. రెండు పక్షాల మూర్ఖులూ ఊరంతా తిరుగుతున్నారు. రెండు పక్షాల పెద్దమనుషులూ పుస్తకాల్లోనే ఉండిపోయారు.

మనం ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం కనుక మన భాషలో చెబుతాను. ఫైలుకు రెండు భాగాలుంటాయి కదా, ఉత్తరాల భాగం ఒకటి, నోట్ భాగం ఒకటి. గుమాస్తా నోట్ పెడతాడు, సూపరింటెండెంటు దాని కింద "నేను ఏకీభవించను, కారణాలు ఇవి" అని రాస్తాడు, ఆఫీసరు రెండూ చదివి ఆర్డరు వేస్తాడు. పదేళ్ల తర్వాత ఎవరు ఆ ఫైలు తీసినా ఏకీభవించనివాడి కారణాలు కూడా అక్కడే ఉంటాయి. దాన్ని చింపేయడానికి ఎవరికీ అధికారం లేదు. నా ముప్పై నాలుగేళ్ల ట్రెజరీ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు అదే. దేశంలో పెద్దపెద్ద విషయాలు కూడా అలాగే నడిచాయి, కాకపోతే మనం ఆర్డరు ఒక్కటే గుర్తుంచుకుని, నోట్ మరిచిపోయాం.

మన జిల్లా సంగతే తీసుకోండి. గురజాడ అప్పారావుగారి పేరు చెప్పని సభ విజయనగరం జిల్లాలో ఉండదు. ఆయన రాసిన వాటిలో మనవాళ్లు తక్కువ చదివింది ఒకటుంది. అది నాటకం కాదు, పాట కాదు, అచ్చంగా మన ఆఫీసు నోట్ లాంటిది. ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న తగవు వచ్చినప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయం ఒక సంఘం వేసింది. అందులో గ్రాంథికం వారూ ఉన్నారు, వ్యావహారికం వారూ ఉన్నారు. సంఘం గ్రాంథికం వైపు మొగ్గింది. అప్పారావుగారు 1914లో ఇంగ్లీషులో ఒక పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది నవంబరు 30న ఆయన పోయారు. తన పక్షం నెగ్గడం ఆయన చూడలేదు. ఆ పత్రం పేరే "అసమ్మతి". ఒప్పుకోను అని ఊరుకోలేదు, ఎందుకు ఒప్పుకోనో పుటలకు పుటలు రాశారు.

ఆయనకు ఎదురుగా నిలబడినవారు జయంతి రామయ్య పంతులుగారు. మన వైపు ఆయన పేరు చెబితే పెదవి విరుస్తాం. ఎందుకు విరుస్తామో మనలో చాలామందికి తెలియదు. ఆయన చిన్న మనిషి కాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసినవారు, శాసనాలు చదివి పరిష్కరించినవారు, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించినవారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు పని నడిపించినవారు. 1913లో గ్రాంథిక భాషను సమర్థిస్తూ ఇంగ్లీషులో పుస్తకం వేశారు. అదే ఏడాది మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆధునిక తెలుగు మీద తమ విజ్ఞాపన వేశారు. వీళ్లిద్దరికంటే ముందే, 1909లో, విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు దేశభాషల పక్షాన పుస్తకం రాశారు. చూశారా, తిట్టుకోవడానికి వేదికలు లేక కాదు, వాళ్లూ తిట్టుకున్నారు, సభల్లో గొడవలూ జరిగాయి. అయినా చివరకు ఒకరు పుస్తకం వేస్తే ఇంకొకరు పుస్తకమే వేశారు.

గ్రాంథికం పక్షం వారి ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. వాడుక భాషే రాయాలంటున్నారు, సరే, ఎవరి వాడుక? కృష్ణా జిల్లాదా, గంజాం వాళ్లదా, కడప వాళ్లదా? ఏ కులం వాళ్లది? గ్రంథాల భాష ఎవరిదీ కాదు కనుక అందరిదీ అవుతుంది. వాడుక భాష ఒకరిదైతే మిగిలినవాళ్లు చిన్నబోతారు. ఇదీ వాళ్ల ప్రశ్న సారాంశం. నేను గురజాడ పక్షం మనిషిని. ఈ ప్రసంగం గ్రాంథికంలో ఉంటే మీరు ఈపాటికి టీ తాగడానికి వెళ్లిపోయేవారు. అయినా ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగి చూడండి. వాడుక భాష నెగ్గాక పత్రికల్లోకి ఎక్కింది ఏ వాడుక? కోస్తా మధ్య జిల్లాల వాడుక. మన "ఏటి", మన "వొస్తాది, వెల్తాది" ఎక్కడికి పోయాయి? సినిమాల్లో నవ్వించే పాత్రల నోట్లోకి పోయాయి. మన పిల్లలు హైదరాబాదు హాస్టల్లో యాస దాచుకుని మాట్లాడతారు. మనం ఈరోజు బాధపడుతున్న విషయాన్ని మన ప్రత్యర్థి పక్షం వాళ్లు నూరేళ్ల క్రితమే అడిగి కూర్చున్నారు. వాళ్ల పరిష్కారం నాకు నచ్చదు, వాళ్ల ప్రశ్న మాత్రం నాదే. గురజాడను ఒక్కరినే చదివి ఉంటే ఈ సంగతి నాకు తట్టేది కాదు.

ఇంకో విశేషం. గిడుగువారు తన ప్రత్యర్థులను చదివినంత శ్రద్ధగా ఆ ప్రత్యర్థుల శిష్యులు కూడా చదివి ఉండరు. పండితుల పుస్తకాలు ముందు పెట్టుకుని, వ్యాకరణం చెప్పినవాళ్లే వ్యాకరణం ఎక్కడ తప్పారో, వాడుక మాట ఎక్కడ దొర్లిందో ఏరి చూపించారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు మొదట గ్రాంథికంలో రాసి, 1919లో రాజమండ్రిలో వ్యావహారిక భాషా సమాజం పెట్టినప్పుడు దానికి అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయనకు డెబ్భై దాటాయి. ఆ మే నెలలోనే పోయారు. డెబ్భై దాటాక మనసు మారదని మన కోడళ్లు అంటుంటారు కదా, వాళ్లకు ఈ సంగతి చెప్పండి.

భాష సంగతి వదిలి రాజకీయంలోకి వస్తాను. 1936లో లాహోరులో కులనిర్మూలన కోసం పనిచేసే ఒక సంఘం అంబేద్కర్‌గారిని అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ఉపన్యాసం ముందుగా చూసి భయపడి సభే రద్దు చేసుకుంది. ఆయన దాన్ని సొంత ఖర్చుతో పుస్తకంగా వేశారు. అదే కులనిర్మూలన. గాంధీగారు హరిజన్ పత్రికలో దాని మీద రాశారు. ఏకీభవించలేదు. కానీ సంస్కర్త అనేవాడెవడూ ఈ ఉపన్యాసాన్ని పట్టించుకోకుండా ఉండడానికి వీల్లేదని రాశారు. అంతేకాదు, పుస్తకం ధర ఎనిమిది అణాలు ఉంది, రెండణాలకో, కనీసం నాలుగణాలకో తగ్గించమని సలహా ఇచ్చారు. తనను విమర్శించే పుస్తకాన్ని పదిమందీ కొనగలిగేలా ధర తగ్గించమనడం! అంబేద్కర్‌గారు తక్కువ తినలేదు. 1937లో రెండో ముద్రణ వేసినప్పుడు గాంధీగారి విమర్శను తన పుస్తకంలోనే అచ్చువేసి, దాని పక్కన తన జవాబు పెట్టారు. జవాబు మెత్తగా లేదు, చాలా ఘాటుగా ఉంది. అయినా పాఠకుడికి ఎదుటి పక్షం నోట్ ఫైల్లోనే దొరుకుతుంది. ఇప్పుడు ఎవరైనా తనను విమర్శించిన వ్యాసాన్ని తన పుస్తకం వెనుక కలిపి అచ్చువేస్తున్నారేమో చూడండి.

1937 నవంబరులోనే కలకత్తా మోడరన్ రివ్యూ పత్రికలో చాణక్య అనే పేరుతో ఒక వ్యాసం వచ్చింది. కాంగ్రెస్ అధ్యక్షుడు నెహ్రూగారికి అహంకారం పెరుగుతోంది, ఈయన నియంత అయ్యే ప్రమాదం ఉంది, మళ్లీ అధ్యక్షుణ్ణి చేయకండి అని అందులో ఉంది. రాసింది నెహ్రూగారే. ఎదుటి పక్షం వాళ్లు దొరక్కపోతే మనమే ఆ పక్షాన కూర్చుని రాసుకోవచ్చునన్నమాట.

మన తెలుగువాళ్లలో గోరాగారున్నారు. పాత గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టినవారు, పచ్చి నాస్తికుడు. రామనామం చెప్పుకునే గాంధీగారి ఆశ్రమానికి వెళ్లి దేవుడు లేడని వాదించారు. గాంధీగారు వెళ్లగొట్టలేదు, కూర్చోబెట్టి అడిగారు. ఆ సంభాషణల పుస్తకాన్ని 1951లో అచ్చువేసింది గాంధీగారి నవజీవన్ ముద్రణాలయమే. ఆస్తికుల ప్రెస్సులో నాస్తికుడి పుస్తకం.

రైతు సమస్య మీద ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. దాన్ని ఎదిరించి ఆ ఏడాదే స్వతంత్ర పార్టీ పుట్టింది. ఆచార్య రంగాగారు దానికి మొదటి అధ్యక్షులు. మన శ్రీకాకుళం జిల్లా బారువ నుంచి సర్దార్ గౌతు లచ్చన్నగారు ఆ పార్టీలో పెద్ద నాయకులు. మరోవైపు పుచ్చలపల్లి సుందరయ్యగారు భూమి పంచాలని జీవితమంతా రాసి, మాట్లాడి, ఎద్దుల బండిలాగా లాక్కొచ్చారు. ఇద్దరూ రైతు కోసమే అన్నారు. మా నాన్నగారు లచ్చన్నగారి మనిషి, మా మేనమామ ఎర్రజెండా మనిషి. సంక్రాంతికి కలిస్తే మా అరుగు మీద అర్ధరాత్రి దాకా వాదన. ఇద్దరికీ ఎదుటివాడి నాయకుడు ఏ సభలో ఏమన్నాడో కంఠతా వచ్చు. తెలియకుండా వాదిస్తే రెండోవాడు నవ్వేవాడు, ఆ నవ్వుకు భయపడి చదివేవాళ్లు. కనుమనాడు ఇద్దరూ ఒకే విస్తట్లో మాంసం తిన్నారు.

ఇక న్యాయస్థానాల సంగతి ఒక్కమాట. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టులో ఉండగా, 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టడం గురించిన తగవు వచ్చింది. మెజారిటీ న్యాయమూర్తులు రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదన్నారు. సుబ్బారావుగారు, ఇంకొక న్యాయమూర్తితో కలిసి, ఏకీభవించక వేరుగా రాశారు. ఆయన రాసింది అప్పుడు చెల్లలేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. యాభై అయిదేళ్లు ఆ నోట్ ఫైల్లో ఉంది కనుకే తర్వాతివారి చేతికి అందింది.

సరే, ఇలాంటివాళ్లను ఎలా గుర్తుపట్టాలి అని అడుగుతారు. అందరూ ఎదుటి పక్షమే, అందరూ గట్టిగానే అరుస్తున్నారు. నా దగ్గర గొప్ప సూత్రాలేమీ లేవు. ట్రెజరీలో నేర్చుకున్నదే చెబుతాను.

బిల్లు వెనక్కి పంపేటప్పుడు ఊరికే "ఒప్పుకోబడలేదు" అని రాయకూడదు. ఏ నిబంధన ప్రకారం, ఏ జి.ఓ. ప్రకారం, ఏ లెక్క తేడా వల్ల అన్నది మెమోలో ఉండాలి. అభ్యంతరాలన్నీ ఒకేసారి రాయాలి తప్ప, ఒకటి తీరాక ఇంకొకటి తీయకూడదు. రాజకీయ రచయితను కూడా అలాగే చూస్తాను. లెక్క చెప్పాడా, ఎక్కడి లెక్కో చెప్పాడా? మనం ఒక అభ్యంతరం తీరిస్తే వెంటనే కొత్తది అందుకుంటున్నాడా? అలా అయితే అతనికి బిల్లు పాసు చేసే ఉద్దేశమే లేదు, అతనితో కాలయాపన వద్దు.

ఆడిట్ పార్టీ వచ్చినప్పుడు చూసేవాడిని. కొందరు ఆడిటర్లు చిన్న చిన్న వోచర్ల మీద పెద్ద పెద్ద పేరాలు రాసేవారు. ఒకాయన మాత్రం, మేము ఎందుకలా చేశామో ముందు మా చేత చెప్పించుకుని, అది మేము చెప్పినదానికన్నా చక్కగా తన పేరాలో మొదట రాసి, ఆ తర్వాత అభ్యంతరం రాసేవాడు. ఆయన పేరాకు జవాబు చెప్పడం చచ్చేంత పని. ఎందుకంటే మా వాదన ఆయన అప్పటికే చెప్పేశాడు. రాజకీయాల్లో కూడా అదే గుర్తు. మన వాదాన్ని అతను రాసిన తీరు చూసి "అవును, నేను అనేది ఇదే" అని మనకు అనిపిస్తే, ఆ రచయిత పట్టుకోదగ్గవాడు. ఇంకొకటి కూడా చూస్తాను. ఏడాదిలో ఒక్కసారైనా తన పక్షానికి నొప్పి కలిగే మాట రాశాడా? బాలగోపాల్‌గారిని తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనలో చాలామందికి ఆయన రాసింది కొరుకుడు పడదు. పోలీసుల మీద ఎంత కటువుగా రాశారో, ఉద్యమాల హింస మీద కూడా అంత కటువుగా ప్రశ్నించి, ఆ తగవులోనే పౌరహక్కుల సంఘం నుంచి బయటకు వచ్చి 1998లో మానవహక్కుల వేదిక పెట్టినవారిలో ఒకరయ్యారు. 2009లో పోయారు. ఆయనతో ఏకీభవించినా, లేకపోయినా, ఆ వ్యాసాల్లో కొలతరాయి ఒక్కటే.

అందరికీ ఈ మర్యాద అక్కర్లేదు. ఫలానా కులంవాళ్లు మనుషులు కారు, ఫలానా మతంవాళ్లను తరిమేయాలి అని రాసేవాడిలో ఆలోచన వెతకడం మన పని కాదు. రెండు పక్షాలూ సమానమే అని కూడా నేను అనడం లేదు. చదివాక ఒక పక్షం తప్పే అని తేలవచ్చు.

ఇప్పుడు మన కడుపుకు సంబంధించిన విషయానికి వస్తాను. ఈ రోజు మనకు పండుగ ఎందుకయింది? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తర్వాతివారికి ఒక లెక్క ఉండకూడదంది. పెన్షన్ యజమాని దయ కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అంది. న్యాయమూర్తి డి.ఎ. దేశాయ్‌గారు రాసిన ఆ తీర్పులోని మాటలు మన బ్యానర్ల మీద ఉంటాయి. అందులోనే ప్రభుత్వం వారి వాదన కూడా ఉంది. ఖజానా మీద భారం పడుతుందన్నారు. కోర్టు ఏమంది? పెన్షన్ అనేది ఒక హుండీలో ఉన్న సొమ్మును పంచుకోవడం కాదు, ఏటా బడ్జెట్లోంచి ఇచ్చేది; కనుక పాతవాళ్లు కలిసినంత మాత్రాన ఉన్నవాళ్ల వాటా తరగదంది.

మనం నెగ్గింది ఆ ఒక్క తర్కం మీద. ఈరోజు మన పెన్షన్‌ను విమర్శించే ఆర్థికవేత్తలు పట్టుకున్నది కూడా సరిగ్గా దాన్నే. హుండీ లేదు కనుక, ప్రతి ఏటా ఆ ఏటి పన్నుల్లోంచే ఇవ్వాలి కనుక, భారం రేపటివాళ్ల మీద పడుతుందంటారు. ముప్పై ఏళ్లు పెన్షన్ బిల్లులు చూసినవాడిని, ఈ రెండూ ఒకే నాణెం బొమ్మా బొరుసూ అని తీర్పు మళ్లీ చదివితే గాని నాకూ స్పష్టంగా కనబడలేదు.

ఆ ఆర్థికవేత్తల్లో ఒకరు దువ్వూరి సుబ్బారావుగారు. మన తెలుగువారే. రిజర్వు బ్యాంకు గవర్నరుగా 2008 నుంచి 2013 వరకు చేశారు. ఆయన ఉద్యోగం తొలినాళ్లలో పార్వతీపురం సబ్ కలెక్టరు. మన రైలు లైన్లోనే, బొబ్బిలి దాటితే వచ్చే ఊరు. 1990లలో రాష్ట్ర ఆర్థిక కార్యదర్శి, అంటే నేను ఉద్యోగం చేసిన శాఖకు పైన కూర్చున్నవారు. కొన్ని రాష్ట్రాలు 2022 నుంచి పాత పెన్షన్‌కు తిరిగి వెళుతున్నప్పుడు, అది వెనకడుగేనని 2023 మొదట్లో ఆయన అన్నారు. దేశంలో అధిక సంఖ్యాకులకు వృద్ధాప్యంలో ఏ భద్రతా లేదు, అలాంటివాళ్ల ఖర్చుతో ఇప్పటికే భద్రత ఉన్న ఉద్యోగులకు ఇంకా ఇవ్వడం న్యాయం కాదన్నది ఆయన వాదన.

ఆ మాట పేపర్లో చూసి మన గ్రూపులో ఏం రాసుకున్నామో ఇక్కడ చదవను. ఆడవాళ్లున్నారు. ఆ రోజుల్లో చేరినవాళ్లందరిదీ పాత పెన్షనే కదా, తన పెన్షన్ వదులుకోమనండి అన్నది అందులో మర్యాదగా ఉన్న మాట. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలు ఫోన్లో అంది, "తాతా, ఆయన ఎలాంటివాడో తిట్టారు సరే, ఆయన అన్నదానికి జవాబేమిటి?" అని. ఆ పిల్లకు పెన్షనూ లేదు, గ్రాట్యుటీ దాకా ఒకచోట నిలిచే ఉద్యోగమూ కాదు. 2024లో వచ్చిన ఆయన ఆత్మకథను కూడా తనే కొని పంపింది.

మా ఇంట్లో ఈ తగవు మూడు గదుల్లో ఉంది. నాది పాత పెన్షన్. మా చిన్నవాడు 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉపాధ్యాయుడిగా చేరాడు, అంటే జి.ఓ. 653 కిందివాడు, సి.పి.ఎస్. వాడు. జీతంలో పది శాతం కోత, ప్రభుత్వం పది శాతం కలుపుతుంది, అది మార్కెట్లో ఏమవుతుందో దేవుడికే తెలియాలి. అల్లుడు వ్యాపారం చేసుకుంటాడు. "మామయ్యా, మీ డి.ఏ. నా జీఎస్టీలోంచే" అని నవ్వుతూనే అంటాడు గాని, ఆ నవ్వులో కొంచెం నిజం ఉంటుంది. ఇక మా వీధి చివర, కూలి చేసి బతికిన ముసలమ్మ ఒకామె ఉంది. వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలయింది. ఆమె ఒకటో తారీఖున నన్ను చూసి, "నీకేటి బావూ, ఠంచనుగా పడిపోతాది" అంటుంది. సుబ్బారావుగారు చెప్పిన అధిక సంఖ్యాకులు అంటే ఎవరో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

అయితే నేను పక్షం మార్చానా? మార్చలేదు. ఉద్యోగి ముప్పై ఏళ్లు తక్కువ జీతానికి పనిచేసి, ఆ తక్కువను పెన్షన్‌గా తర్వాత తీసుకుంటాడన్న మన వాదనలో బలం ఉంది. చేరేటప్పుడు ఇచ్చిన మాట మధ్యలో మార్చకూడదు. మార్కెట్ పడిపోయిన ఏడాది రిటైరయ్యేవాడి పాపం ఏమిటన్న ప్రశ్నకు అవతలివాళ్ల దగ్గర మంచి జవాబు లేదు. లేదు కనుకనే, 2023లో మన అసెంబ్లీ గ్యారంటీ పెన్షన్ బిల్లు పాసు చేసింది. కేంద్రం కూడా 2024 ఆగస్టు 24న, సోమనాథన్ కమిటీ పని తర్వాత, ఇరవై అయిదేళ్ల సర్వీసుకు చివరి పన్నెండు నెలల సగటు మూలవేతనంలో సగం హామీగా ఇచ్చే పథకాన్ని ఒప్పుకుంది. ఉద్యోగి వాటా కోత కొనసాగుతుంది, హామీ కూడా ఉంటుంది. ఇందులో రెండు పక్షాల నోట్లూ కనబడుతున్నాయి. మన సంఘాలు దీనిని కూడా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

కానీ మన మహజరులు మాత్రం మారాలి. గత పదేళ్ల మహజరులు తీసి చూశాను. అన్నింట్లోనూ "మా హక్కు" అన్న మాట ఉంది. "మరి ఆ ముసలమ్మ సంగతి?" అన్న ప్రశ్నకు ఒక్కదాంట్లోనూ జవాబు లేదు. ఫైలు చూసే ఆఫీసరు మొదట అడిగే ప్రశ్న అదే. ఆ ప్రశ్నను మన మహజరులో మనమే రాసి, మనమే జవాబు చెప్పాలి. నా జవాబు ఇది: పెన్షన్ ఉన్నవాడిది తగ్గించి లేనివాడికి ఇచ్చిన దాఖలా నాకు ఎక్కడా కనబడలేదు; అందుకని లేనివాడికి కూడా ఉండాలని అడగడం మన సంఘం పనే. ఇది సరైన జవాబు అవునో కాదో మీరు చెప్పండి. సుబ్బారావుగారి స్థాయివాడు దీన్ని చదివి ఏమంటాడో ఊహించుకుని, ఆ మాటకు కూడా సిద్ధపడాలి.

ఇక నా ప్రతిపాదన. అధ్యక్షులవారితో ముందే మాట్లాడాను, పైసా ఖర్చు లేదు. మన సంఘం గదిలో నెలకు ఒకసారి, మొదటి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు కూర్చుందాం. ఒక విషయం తీసుకుందాం. దాని మీద రెండు వ్యాసాలు, ఈ పక్షంది ఒకటి, ఆ పక్షంది ఒకటి. ఏ పార్టీని ఇష్టపడేవాళ్లు ఆ పార్టీకి ఎదురుగా ఉన్న వ్యాసాన్ని బయటికి చదవాలి. చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పాలి. ఆ వ్యాసం పక్షంవాళ్లు "అవును, సరిగానే చెప్పాడు" అనేదాకా విమర్శ మొదలుపెట్టకూడదు. ఫోన్లో వచ్చిన ఫార్వర్డులు పనికిరావు. రాసినవాడి పేరు ఉండాలి, తేదీ ఉండాలి. ఇంగ్లీషు వ్యాసాలు తెలుగులో చెప్పడానికి మన రిటైర్డ్ హెడ్మాస్టర్లు నలుగురు ఒప్పుకున్నారు.

మొదటి ఆదివారం విషయం పెన్షనే. నకారా తీర్పును అయిదున్నర గుంపువారు చదువుతారు. సుబ్బారావుగారి వాదనను ఆరుంబావు గుంపువారు చదువుతారు. తీర్పు జెరాక్సులు ఇరవై తీయించాను, బల్ల మీద ఉన్నాయి, ఇంటికి పట్టుకెళ్లండి. కళ్లజోళ్లు మరిచిపోకండి. టీ నా ఖర్చు.